నలుగురి ముందు అడగడం ఎలా: గోదావరి జిల్లాల వాళ్ళ కోసం

మా వైపు కాలవ గట్టు మీద కూర్చుంటే అన్నీ మాట్లాడుకుంటాం. ఏ రోడ్డులో ఎంత కంకర తగ్గింది, ధాన్యంలో బస్తాకి ఎంత తరుగు తీశారు, ఏ బిల్లు ఎవరి చేతుల మీదుగా పాసైంది, టీ కొట్టు దగ్గర పైసలతో సహా లెక్క చెప్పేస్తాం. అదే మనిషి కారు దిగి ఎదురుగా వస్తే లేచి నిలబడి "బాగున్నారాండీ" అని పలకరించి ఊరుకుంటాం. మనకెందుకొచ్చిన గొడవ, రేపు ఆయనతో పని పడదా అన్న భయం అందరికీ ఉంటుంది, నాకూ ఉంది. కానీ టీ కొట్టు దగ్గర చెప్పిన మాటకి ఎవరూ జవాబు చెప్పక్కర్లేదు. నలుగురి ముందు, ఆ పని చేయాల్సిన మనిషి ఎదురుగా అడిగిన మాటకి ఏదో ఒకటి చెప్పి తీరాలి. ఈ రెండింటికీ ఎంత తేడా ఉందో నేను మా ఊరి నీళ్ళ దగ్గర నేర్చుకున్నాను, అందుకే ఇది రాస్తున్నా.

మాది కాలవ శివారు ఊరు. వేసవిలో కాలవలు కట్టేసే ముందు మంచినీళ్ళ చెరువు నింపుకుంటాం, మళ్ళీ నీళ్ళు వదిలేదాకా అవే తాగాలి. ఎగువన రొయ్యల చెరువులు పెరిగాక కొంతమంది ఆ నీళ్ళని మురుగు కాలవలోకి కాకుండా పంట కాలవలోకే తోడేయడం మొదలుపెట్టారు. దానికి తోడు ఆ నీళ్ళని ఇసకతో వడకట్టే మా ఫిల్టర్ బెడ్ పనిచేయడం మానేసి ఎన్నాళ్ళయిందో ఎవరికీ తెలీదు. రెండేళ్ళు అర్జీలు ఇచ్చాం, ఒక్కొక్కరం విడివిడిగా, ఆఫీసు గదిలోకి వెళ్ళి, చేతులు కట్టుకుని. ప్రతిసారీ "చూస్తాం" అన్నారు. తర్వాత పైనుంచి ఎవరో వస్తే "ఆ ఊరి నుంచి మా దృష్టికి ఏమీ రాలేదు" అని చెప్పారు. గదిలో ఇచ్చిన అర్జీకి సాక్షులు ఉండరు, రసీదు తీసుకోవాలని కూడా అప్పట్లో మాకు తెలీదు.

ఆ కోపంతో గ్రామసభలో లేచాను. పది నిమిషాలు మాట్లాడాను. నీళ్ళతో మొదలుపెట్టి రోడ్డు, పింఛన్లు, వీధి దీపాలు అన్నీ కలిపేసి చివర్లో "మీరంతా దొంగలు" అన్నాను. వేదిక మీదున్న పెద్దమనిషి అంతా ఓపికగా విని, ఆ చివరి మాట ఒక్కటే పట్టుకున్నాడు. "దొంగలంటున్నాడు, మీరే చెప్పండి, మేం దొంగలమా?" అన్నాడు. అంతే, మిగతా సభ అంతా నేనన్న మాట సబబా కాదా అన్న దాని మీదే నడిచింది. నీళ్ళ ఊసు ఎవరూ ఎత్తలేదు.

నాలుగు నెలల తర్వాత ఇంకో సభలో మళ్ళీ లేచాను. ఈసారి నా చేతిలో సమాచార హక్కు కింద తెచ్చిన కాగితం ఒకటి ఉంది. ఫిల్టర్ బెడ్‌లో ఇసక మార్చామని, బిల్లు కూడా ఇచ్చేశామని అందులో రాసుంది. చెరువు గట్టు మీద కాపురం ఉండేవాళ్ళెవరూ ఇసక ట్రాక్టరుని చూడలేదు. నేను అడిగింది ఇంతే: "ఇసక మార్చారని ఈ కాగితంలో ఉందండీ. ఏ రోజు మార్చారో చెబితే, ఆ పక్కనే ఉండేవాళ్ళు ఇక్కడే కూర్చున్నారు, వాళ్ళనీ అడుగుదాం." సభ నిశ్శబ్దమైపోయింది. అప్పుడు మా వీధిలో ఉండే పెద్దావిడ ఒకామె లేచి, కొంగు చాటు నుంచి స్టీలు క్యారేజీ గిన్నె తీసి, మూత తెరిచి, మండలం నుంచి వచ్చిన అధికారి ముందు బల్ల మీద పెట్టింది. పొద్దున్న పంపు నీళ్ళతో వండిన అన్నం. పసుపు కలిపినట్టు ఉంది, అంచుల దగ్గర బంకబంకగా. "మధ్యాన్నానికే ఇలా అయిపోద్ది బాబూ, పిల్లలకి ఇదే పెడతన్నాం" అంది, అంతకన్నా ఒక్క మాట కూడా మాట్లాడలేదు. ఆయన గిన్నె దగ్గరికి వంగి, వాసన చూసి, తనే మూత పెట్టి, ఫోను తీసి ఇంజనీరుకి చేశాడు.

ఇరవై రోజుల్లో ఇసక వచ్చింది. ఎగువ చెరువుల వాళ్ళు తోడడం పూర్తిగా ఆగడానికి మాత్రం ఇంకో వేసవి పట్టింది, అదీ చాలా తిరిగితే. కానీ నాకు ఆ రోజు గుర్తుండిపోయింది వేరే సంగతి. ఆ గిన్నె తెరిచాక వరసగా ఆరేడుగురు లేచి "మా ఇంట్లోనూ అంతే" అన్నారు. అప్పటిదాకా ప్రతి ఇంటివాళ్ళూ ఇది తమ కుళాయి లోపమో, తమ బిందె లోపమో అనుకుంటున్నారు. పైవాళ్ళు వినడం సరే, పక్కింటివాళ్ళు వింటారు చూడండి, బయటికి మాట్లాడడంలో నేను చూసిన అతి పెద్ద లాభం అది.

ఇది కొత్తగా ఎవరో నేర్పాల్సింది కూడా కాదు, ఈ నేల మీద ఎప్పటి నుంచో ఉన్నదే. రాజమండ్రి మనిషి కందుకూరి వీరేశలింగం గారు, 1874లో మొదలుపెట్టిన వివేకవర్ధని పత్రికలో సర్కారు కచేరీల్లో, కోర్టుల్లో జరిగే లంచాల గురించి అచ్చువేసి మరీ రాశారు. ద్రాక్షారామం దువ్వూరి సుబ్బమ్మ గారు చిన్నతనంలోనే భర్తని పోగొట్టుకున్న మనిషి. ఆ రోజుల్లో అలాంటి ఆడమనిషి గడప దాటడమే కష్టం, అలాంటిది సభల్లో నిలబడి తెల్ల ప్రభుత్వాన్ని ప్రశ్నించి సహాయ నిరాకరణ ఉద్యమంలో జైలుకెళ్ళారు. కాటన్ దొర విగ్రహానికి ఊరూరా దండలు వేస్తాం కదా, ఆయన కూడా తన పైవాళ్ళతో వాదించి వాదించి ధవళేశ్వరం ఆనకట్టకి ఒప్పించిన మనిషే. 1847లో మొదలై 1852లో పూర్తయిన ఆ పని తర్వాత కూడా, రైళ్ళ కన్నా కాలవల మీద డబ్బు పెట్టండని సొంత ప్రభుత్వాన్నే బహిరంగంగా విమర్శిస్తూ వచ్చాడు, 1878లో పార్లమెంటు కమిటీ ముందు నిలబడి జవాబు చెప్పుకోవాల్సి వచ్చింది కూడా. మనం తింటున్న అన్నం వెనక ఆ వాదనలు ఉన్నాయి.

ఇక ఎలా చెయ్యాలో చెప్తా.

ముందు ఒక్క సంగతి ఎంచుకోండి

ఒకటే. "మా ఊరికి ఏమీ చేయట్లేదు" అంటే ఎవరికీ తగలదు. "ఫలానా డ్రెయిన్‌లో గుర్రపుడెక్క తీయలేదు, అందుకే మొన్నటి వానకి ఇన్ని ఎకరాల సార్వా చేను ఇన్ని రోజులు మునిగి ఉంది" అంటే తగులుతుంది. ఊరు, తేదీ, కొలత, ఎవరి పని, మీకేం కావాలి. ఈ అయిదూ ఒక పోస్టుకార్డు మీద పట్టకపోతే మీ మాట ఇంకా సిద్ధం కాలేదని అర్థం. "ఎవరి పని" అన్న దగ్గర చాలామంది తప్పుతారు. మంచినీళ్ళ పథకం ఆర్‌డబ్ల్యూఎస్ (గ్రామీణ నీటి సరఫరా) వాళ్ళది, పంట కాలవ ఇరిగేషన్ వాళ్ళది, మురుగు కాలవ డ్రెయిన్స్ విభాగానిది, ధాన్యం కొనుగోలు పౌర సరఫరాల వాళ్ళది. తప్పు ఆఫీసులో అరిస్తే "మాది కాదండీ" అనే ఒక్క ముక్కతో మిమ్మల్ని పంపించేస్తారు, దానికి మీ దగ్గర జవాబు ఉండదు.

కాగితం సంపాదించండి

సమాచార హక్కు చట్టం 2005 అంటే చాలామంది లాయర్ల వ్యవహారం అనుకుంటారు. తెల్ల కాగితం మీద తెలుగులో రాస్తే చాలు. మన రాష్ట్ర నిబంధనల ప్రకారం గ్రామ స్థాయి ఆఫీసుకి ఫీజు లేదు, మండల స్థాయికి 5 రూపాయలు, ఆపైన 10. ఎందుకు కావాలో చెప్పక్కర్లేదు, చెప్పమని అడిగే హక్కు వాళ్ళకి లేదు. 30 రోజుల్లో జవాబు రావాలి, రాకపోతే ఆ ఆఫీసులోనే పై అధికారికి మొదటి అప్పీలు, అక్కడా కాకపోతే 90 రోజుల్లోపు రాష్ట్ర సమాచార కమిషన్‌కి.

అసలు కిటుకు అడిగే తీరులో ఉంది. "ఎందుకు బాగుచేయలేదు?" అని రాస్తే జవాబు రాదు, ఎందుకంటే చట్టం ఇచ్చేది రికార్డులు, సంజాయిషీలు కాదు. "ఫలానా పనికి ఇచ్చిన వర్క్ ఆర్డరు, ఎం.బుక్ (పని కొలతలు రాసే పుస్తకం) పేజీలు, బిల్లు, ఫోటోల నకళ్ళు ఇవ్వండి" అని రాయండి. ఇంకోటి, పనిని స్వయంగా వెళ్ళి చూసే హక్కు, వాడిన సామాను ధ్రువీకరించిన శాంపిల్ తీసుకునే హక్కు కూడా ఇదే చట్టం ఇస్తోంది. సెక్షన్ 2(జె) చూడండి. సిమెంటు రోడ్డు కావచ్చు, ఫిల్టర్ ఇసక కావచ్చు. ఇది వాడేవాళ్ళు చాలా తక్కువ, వాడితే మాత్రం ఆఫీసులో కదలిక వస్తుంది.

కాగితంతో పాటు మీ సొంత రికార్డూ పెట్టుకోండి. రోజూ అదే చోట నిలబడి, అదే గట్టు రాయి కనిపించేలా ఫోటో తీయండి. ధాన్యమైతే తూకం చీటీ, తేమ మిషను చూపించిన అంకె. కొనుగోలు కేంద్రంలో తేమ 17 శాతం దాకా ఒప్పుకోవాలి. అక్కడ 16 చూపించింది, మిల్లు దగ్గరికెళ్ళాక 20 అయింది అంటున్నారంటే ఆ రెండు అంకెలూ ఫోనులో ఉన్నవాడి మాట వేరు, "అన్యాయం చేశారండీ" అన్నవాడి మాట వేరు.

ఎక్కడ మాట్లాడాలి

గ్రామసభ అన్నిటికన్నా బలమైనది, అన్నిటికన్నా మనం వదిలేసింది కూడా అదే. చట్టం ప్రకారం పెట్టి తీరాలి, తీర్మానం పుస్తకంలో రాయాలి. మాట్లాడి కూర్చోకండి, "ఇది మినిట్స్‌లో రాయండి" అని అడిగి, రాసింది చదివించుకుని, అప్పుడు కూర్చోండి. పుస్తకంలో లేని మాట ఆ రోజు సాయంత్రానికే గాలికి పోతుంది.

సోమవారాల్లో కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికకి వెళ్తే రసీదు నంబరు లేకుండా బయటికి రావద్దు. కొన్నాళ్ళకి "పరిష్కరించబడింది" అని మెసేజ్ వస్తుంది, పని జరగకుండానే. అప్పుడు వదిలేయకుండా ఆ మెసేజ్‌నీ, అదే రోజు తీసిన ఫోటోనీ పక్కపక్కన పెట్టి మళ్ళీ తెరిపించండి. మొదటిసారి ఇచ్చిన అర్జీ కన్నా దీనికే బలం ఎక్కువ.

ప్రజాభిప్రాయ సేకరణ గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. మన డెల్టా కింద గ్యాసు ఉంది, చమురు ఉంది, అందుకని బావులకీ ఫ్యాక్టరీలకీ అనుమతి ఇచ్చే ముందు ఇవి జరుగుతుంటాయి. 2006 నాటి పర్యావరణ నోటిఫికేషన్ ప్రకారం కనీసం 30 రోజుల ముందు పత్రికల్లో ప్రకటన రావాలి, కలెక్టరు గానీ ఆయన తరఫున అదనపు కలెక్టరుకి తగ్గని అధికారి గానీ కూర్చోవాలి, మొత్తం వీడియో తీయాలి, చివర్లో ఎవరేం అన్నారో తెలుగులో చదివి వినిపించాలి. ఆ చివరి ముక్క కోసం ఆగేవాళ్ళు ఉండరు, భోజనాల వేళకి అందరూ వెళ్ళిపోతారు. మీరు ఆగండి. మీ అభ్యంతరం చదివేటప్పుడు మారిపోతే అక్కడికక్కడే లేచి సరిచేయించండి. రాతపూర్వకంగా కూడా ఇచ్చి, ఇచ్చినట్టు సంతకం తీసుకోండి.

దీన్ని తేలిగ్గా తీసుకోలేం. 1995 జనవరిలో పాశర్లపూడి గ్యాసు బావి అంటుకుని రెండు నెలలకు పైగా మండింది. ఆ మంట వెలుతురు చూసినవాళ్ళు కోనసీమలో ఇప్పటికీ ఉన్నారు. 2014 జూన్ 27 తెల్లవారుజామున కోనసీమలోనే నగరం అనే ఊళ్ళో గ్యాసు పైపులైను పేలి ఇళ్ళల్లో, వీధిలో మనుషులు కాలిపోయారు. అంతకు ముందు నుంచే గ్యాసు వాసన వస్తోందని చెప్పామని ఊరివాళ్ళు అన్నారు. వాసన వస్తోందన్న మాట ఎవరి చెవిన వేశామో, ఎప్పుడు వేశామో, కాగితం మీద, పదిమంది ముందు ఉండాలి. నేను నీళ్ళ గురించి ఎంత పట్టుబట్టినా, ఆ ఊరి సంగతి తలుచుకున్నప్పుడు ఇంకా గట్టిగా అనిపిస్తుంది.

మాట్లాడేటప్పుడు

గోదావరి మర్యాద వదలొద్దు. చాలామంది నిలదీయడం అంటే గొంతు పెంచడం అనుకుంటారు, నేనూ అలాగే అనుకుని మొదటిసారి పాడుచేశాను. "అండీ" అంటూనే ఎంత గట్టి ప్రశ్నైనా అడగొచ్చు, అలా అడిగితే ఎదుటివాళ్ళకి కోప్పడే దారి కూడా దొరకదు. మూడు నిమిషాల్లో ముగించండి, ఇంట్లో ఫోను పెట్టుకుని రెండుసార్లు చదివి చూసుకోండి. ఆఖరి వాక్యం ప్రశ్నే అవ్వాలి, తేదీ అడిగే ప్రశ్న: "ఏ తారీఖుకి చేస్తారండీ?" తర్వాత ఆపేయండి. నిశ్శబ్దం ఇబ్బందిగా ఉంటుంది, దాన్ని మీరు నింపకండి, వాళ్ళే నింపాలి.

మనిషి చేసిన పని గురించే మాట్లాడండి. కులం, ఇంట్లో ఆడవాళ్ళు, తాగుడు, పాత కేసులు, ఇవేవీ ఎత్తకండి. అది మర్యాద కాబట్టే కాదు, చట్టం దగ్గర కూడా గీత అక్కడే ఉంది. పరువునష్టం ఇప్పుడు భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 356లో ఉంది. ప్రజల మేలు కోసం నిజం చెప్పడం, ప్రభుత్వోద్యోగి తన విధుల్లో నడుచుకున్న తీరు మీద సదుద్దేశంతో అభిప్రాయం చెప్పడం, ఇవి నేరం కాదని అందులోనే మినహాయింపులు ఉన్నాయి. "డబ్బు తిన్నాడు" అనకండి, "ఇంత బిల్లు ఇచ్చారు, పని కనపడట్లేదు, ఎలాగో చెప్పండి" అనండి. రెండోదాని బరువే ఎక్కువ.

ఒంటరిగా వెళ్ళొద్దు. ఇది మాత్రం తప్పకుండా వినండి. కనీసం అయిదుగురు, వేరువేరు వీధుల నుంచి, వేరువేరు పార్టీల వాళ్ళు ఉంటే ఇంకా మంచిది, ఎందుకంటే మొట్టమొదట వచ్చే మాట "ఇది ఫలానా పార్టీ వాళ్ళు చేయిస్తున్నారు" అని. ఆడవాళ్ళు ముందుంటే బలం. ఒకరు మాట్లాడండి, ఒకరు వీడియో తీయండి, ఒకరు చెప్పిన జవాబులు రాసుకోండి. ఊళ్ళో ఉద్యోగస్తులు ఉంటే వాళ్ళని ముందు నిలబెట్టకండి, వాళ్ళకి ప్రవర్తనా నియమాలు అడ్డొస్తాయి. వాళ్ళ చేత కాగితాలు చదివించుకోండి చాలు.

వీడియోని వాట్సాప్‌లో పెట్టేటప్పుడు ముక్కలు చేయకండి. ప్రశ్న, జవాబు రెండూ ఉండాలి. పైన మీరే ఘాటైన క్యాప్షన్ పెట్టి పాడుచేయకండి. సభలో ఉన్న మనిషి ముఖం మీద మీమ్స్ చేస్తే రెండ్రోజులు నవ్వుకుంటారు, డ్రెయిన్ అలాగే ఉంటుంది.

భయం సంగతి

పింఛను ఆపేస్తారేమో, పథకంలో పేరు తీసేస్తారేమో, కాలవ నీళ్ళు మన చేనికి రానివ్వరేమో. ఇవి ఊహలని నేను అనను, బెదిరింపులు వస్తాయి. పేరు తీసేస్తే కారణం రాతపూర్వకంగా అడగండి, ఆ కాగితమే మీకు తర్వాతి ప్రశ్న అవుతుంది. పోలీసుల నుంచి నోటీసు వస్తే పారిపోవద్దు, లాయరుతో వెళ్ళండి. సాక్షిగా విచారించాలంటే ఆడవాళ్ళనీ, 60 ఏళ్ళు దాటినవాళ్ళనీ స్టేషనుకి రమ్మని బలవంతం చేయకూడదు, ఇంటి దగ్గరే అడగాలి. అరెస్టు చేస్తే 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు పెట్టాలి. సోషల్ మీడియా పోస్టులకి వాడిన ఐటీ చట్టం 66ఏ సెక్షన్‌ని సుప్రీంకోర్టు 2015 మార్చి 24న కొట్టేసింది, ఆ పేరు చెప్పి ఎవరైనా భయపెడితే ఆ తీర్పు గుర్తుచేయండి. ఆడవాళ్ళకీ, ఎస్సీ ఎస్టీలకీ ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది, నంబరు 15100. దీన్ని మీ బృందంలో అందరి ఫోనుల్లోనూ ముందే సేవ్ చేయించండి, టెన్షన్‌లో ఎవరూ వెతకలేరు.

భీమవరం దగ్గర తుందుర్రు చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు ఆక్వా ఫుడ్ పార్కు మీద పోరాడినప్పుడు కేసులు పడ్డాయి, 144 సెక్షన్ కింద ఊళ్ళకి ఊళ్ళే నలిగాయి. వాళ్ళు అడిగింది ప్రధానంగా ఒక్కటే, ఆ మురికి నీళ్ళు గొంతేరు డ్రెయిన్‌లోకి వస్తే మా గతేంటి అని. అంత గట్టిగా అడిగాకే వ్యర్థాలని సముద్రం దాకా పైపులో తీసుకెళ్తామన్న మాట బయటికి వచ్చింది. వాళ్ళు కోరింది మొత్తం దక్కలేదు, చాలా పోగొట్టుకున్నారు కూడా. ఇది చెప్పకుండా "ధైర్యంగా మాట్లాడండి" అంటే నేను మోసం చేసినట్టే. 2011లో కోనసీమ రైతులు సార్వా వేయకుండా పంట విరామం ప్రకటించినప్పుడు కూడా అంతే, సొంత కడుపు మీద దెబ్బ కొట్టుకుని మరీ చెప్పాల్సి వచ్చింది. అప్పుడు ప్రభుత్వం మాజీ ప్రధాన కార్యదర్శి మోహన్ కందా కమిటీని వేసింది. గిట్టుబాటు ధర, మురుగు కాలవల బాగోగులు అప్పటిదాకా అర్జీల్లోనే ఉన్నాయి, వేల ఎకరాలు బీడు పడ్డాక పత్రికల మొదటి పేజీకి వచ్చాయి.

మాట్లాడిన మర్నాడు

అసలు పని ఇక్కడ మొదలవుతుంది, చాలామంది ఇక్కడే ఆపేస్తారు. ఆ రాత్రే కూర్చుని, ఎవరు ఏ తేదీకి ఏం చేస్తామన్నారో ఒక పేజీలో రాసి, మర్నాడు పొద్దున్నే అదే ఆఫీసులో ఇచ్చి స్టాంపు వేయించుకోండి. "నిన్నటి సభలో తమరు ఫలానా తేదీకి పూర్తి చేస్తామని చెప్పినందుకు ధన్యవాదాలు" అని మొదలుపెట్టండి. ఈ వాక్యం చేసినంత పని నేను రాసిన ఏ ఫిర్యాదూ చేయలేదు. ఆ తేదీని పంచాయతీ బోర్డు పక్కన, టీ కొట్టు గోడ మీద, గుడి దగ్గర కాగితం మీద రాసి అంటించండి. పని జరిగితే అదే చోట "జరిగింది" అని రాయండి, చేసినవాళ్ళకి అందరి ముందూ చెప్పండి. తప్పుని నలుగురిలో అడిగినవాళ్ళం మంచినీ నలుగురిలోనే ఒప్పుకోవాలి, లేకపోతే తర్వాతిసారి మన మాటని పార్టీ మాట అంటారు.

మా ఊళ్ళో ఇప్పుడు ప్రతి ఏడూ కాలవలు కట్టేయడానికి పది రోజుల ముందు ఇద్దరు కుర్రాళ్ళు ఎగువకి సైకిళ్ళ మీద వెళ్ళి తూములన్నీ ఫోటోలు తీసుకొస్తారు. ఇసక ఎప్పుడు మార్చారో ఫిల్టర్ బెడ్ గోడ మీద పెయింటుతో రాయించాం, కింద ఇంకో తేదీకి ఖాళీ వదిలాం. క్యారేజీ గిన్నె తెచ్చిన పెద్దావిడ సభ ఉన్న ప్రతిసారీ ముందు వరసలోనే కూర్చుంటుంది.